వెనక్కి తిప్పిన సీటు

మా వీధి మొదట్లో సైకిల్ స్టాండు పెట్టిన రోజున మా అత్తయ్య వంటింటి కిటికీ మూసేసింది. ఆ కిటికీలోంచి చూస్తే స్టాండు మొత్తం కనిపిస్తుంది. ముప్పై పసుపు రంగు సైకిళ్లు, ఒక్కొక్కటి ఒక్కో ఇనుప గాడిలో ముందు చక్రం దూర్చుకుని, కొత్త బట్టలేసుకున్న బడి పిల్లల్లా వరసగా నిలబడి ఉన్నాయి. ఫోను చూపిస్తే తాళం ఊడుతుంది. కావాల్సిన చోటికి తొక్కుకుంటూ వెళ్లి, అక్కడి స్టాండులో వదిలేసి మన దారిన మనం పోవచ్చు. నేను గడప మీద నిలబడి నోరెళ్లబెట్టి చూస్తున్నాను.

"దుమ్మొస్తోంది," అంది ఆవిడ గడియ పెడుతూ.

దుమ్మూ లేదు, ధూళీ లేదు. సైకిళ్లొచ్చాయి, అంతే. ఆ సైకిళ్లకి మెకానిక్కుని నేను. అదీ అసలు బాధ.

ఊరంతా కలిపి పన్నెండు స్టాండులు, స్టాండుకొకరు చొప్పున పన్నెండుమంది మెకానిక్కులం. వంద రోజుల ప్రయోగం. జనం బాగా తొక్కి, ప్రమాదాలు పెద్దగా జరక్కపోతే పథకం నిలుస్తుంది. నిలిస్తే మాలో ఆరుగురికి ఉద్యోగం ఖాయం. ఆ ఆరుగురిలో నేనుండాలి. పెళ్లికి ముందు మా నాన్న సైకిల్ షాపులో పానా పట్టిన చేతులివి. పెళ్లయ్యాక పదకొండేళ్లు ఈ చేతులకి గిన్నెలూ బట్టలూ తప్ప ఇంకేమీ తగల్లేదు. ఇప్పుడు మళ్లీ గ్రీజు వాసన తగిలింది. మళ్లీ వదులుకోవడం నా వల్ల కాదు. ఆ మాట మా ఆయనతో అంటే, "సరే, నేనేం వద్దన్నానా? అమ్మని నువ్వే చూసుకో," అని పార్సిల్ ఆఫీసుకి తప్పించుకుని పోయాడు. ఆ తప్పించుకోవడంలో ఆయనకి ఆయనే సాటి.

అత్తయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. పంపు దగ్గర ఒక సబ్బు విడిగా పెట్టింది. "ఇది నీది. ఆ చేతులతో లోపల సబ్బు ముట్టుకోకు." అంతే. ఆవిడ ఇరవై ఎనిమిదేళ్లు పెద్దాసుపత్రిలో ఆయాగా చేసింది. మంచం మీద దుప్పటి పరిస్తే నాలుగు మూలలూ గీత గీసినట్టు ఉండాలి. మా ఇంట్లో చెప్పుల జతలు కూడా ఒకే వైపు చూస్తుంటాయి. అలాంటి మనిషికి గోళ్లలో నలుపుతో ఇంటికొచ్చే కోడలు ఎలా కనిపిస్తుందో వేరే చెప్పాలా? కాబట్టి నా పని గురించి ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. ఇద్దరం పట్టుదలకి పోయాం.

బయట మాత్రం నాకు కాలు నేల మీద నిలవలేదు.

మొదటి రోజు మరమ్మతుల షెడ్డులో మా మేస్త్రిగారు పన్నెండుమందినీ నిలబెట్టి ఒక సైకిలు ముందుకు తోశారు. సన్నగా, వెదురు బద్దలా ఉంటారాయన. ముప్పై ఏళ్లుగా ఇదే పని.

"దీనికి తెగులేంటో చెప్పండి."

అందరూ వంగి చూశారు. ఒకడు చైనన్నాడు, ఒకడు స్పోకు వదులైందన్నాడు. నేను వెళ్లి రెండు బ్రేకులూ పట్టుకుని నొక్కాను. వెనకది గట్టిగానే ఉంది, కానీ చివరికొచ్చేసరికి వేలి కింద వెంట్రుకవాసి జారింది.

"వైరు లోపల పోగు తెగిందండీ," అన్నాను.

ఆయన కళ్లు మెరిశాయి. "వినండి అందరూ. బ్రేకుని కంటితో చూడటం చూడటం కాదు. రోజూ పొద్దున ఎనిమిదిలోపు మీ స్టాండులో ముప్పై బండ్లకీ రెండేసి బ్రేకులు నొక్కి చూడాలి. అరవై నొక్కులు. అరవైకి యాభై తొమ్మిది నొక్కినవాడు నాకొద్దు."

ఆ మాట నా కోసమే అన్నంత సంబరపడ్డాను.

ప్రారంభం రోజున పెద్ద రోడ్డు మీద కార్లు ఆపేశారు. అంచున కొత్తగా ఆకుపచ్చ దారి గీశారు. సైకిళ్ల దారి. మొదట జనం దాని మీద కాలు పెట్టడానికి కూడా సందేహించారు, తడి రంగేమో అన్నట్టు. అంతలో మా వీధి రొట్టెల కొట్టాయన, నూటపది కిలోల మనిషి, ఏప్రాన్ విప్పకుండానే ఒక బండెక్కి "జరగండి, జరగండి!" అని అరుస్తూ బయల్దేరాడు. ఆ తర్వాత ఇంకేముంది? బెల్లులే బెల్లులు. గుమాస్తాలు, నర్సులు, టై కట్టుకున్నవాళ్లు, చిన్నప్పుడెప్పుడో తొక్కి మర్చిపోయినవాళ్లు. ఒకావిడ పది గజాలు వంకరటింకరగా పోయి, ఆగి, వెనక్కి తిరిగి నన్ను చూసి "వచ్చేసింది! నాకింకా వచ్చు!" అని కేక పెట్టింది. మా వీధి చివర ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు ఆవిడ. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకో నన్నడగొద్దు.

సీటు సంగతి ఆ వారంలోనే మొదలైంది. బండికి ఏదైనా తేడా ఉంటే ఫోనులో రాయాలని కాగితాల్లో ఉంది. ఆఫీసుకి పరుగెత్తేవాడు నిలబడి రాస్తాడా? అందుకని మేమే ఒక గుర్తు పెట్టుకున్నాం. తేడా అనిపిస్తే సీటు కింద పిడి వదులు చేసి, సీటుని వెనక్కి తిప్పి బిగించి వెళ్లిపోవాలి. వెనక్కి చూస్తున్న సీటంటే, ఎక్కొద్దు అని. పొద్దున మెకానిక్కు వచ్చి ముందు దాని సంగతి చూస్తాడు. ఎక్కడా రాసి పెట్టింది కాదు, నోటి మాటే. మా స్టాండులో ప్రతి మనిషినీ ఆపి నేనే చెప్పాను. రొట్టెల కొట్టాయనకి చెప్పాను, టీచరుకి చెప్పాను, పాలమ్మేవాడికి చెప్పాను, సైకిలు మొహం ఎరగని ముసలాయన బెంచీ మీద కూర్చుంటే ఆయనకీ చెప్పాను. "అర్థమైందమ్మా తల్లీ, నిన్న కూడా చెప్పావు," అన్నాడాయన.

మిగతా స్టాండుల్లో రోజూ మూడో నాలుగో సీట్లు వెనక్కి తిరిగి ఉండేవి. నా స్టాండులో మొదటి రెండు రోజులు తప్ప ఆ తర్వాత ఎప్పుడు చూసినా ఒక్కటీ లేదు. ముప్పైకి ముప్పై ముందుకే చూస్తూ, పైగా తుడిచినట్టు తళతళలాడుతూ ఉండేవి. షెడ్డులో బోర్డు మీద నా స్టాండు పక్కన సున్నాల వరస. తోటి మెకానిక్కులు ఏడిపించేవాళ్లు. "ఏం మంత్రం వేశావక్కా?" మేస్త్రిగారు కూడా ఒకసారి బోర్డు ముందు ఆగి, నా వైపు చూసి తలాడించారు. మంత్రమేం లేదు, నా హస్తవాసే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. అలా అనుకోవడం మొదలయ్యాక అరవై నొక్కులు నలభై అయ్యాయి, నలభై పది అయ్యాయి. ఆ పైన స్టాండు ముందు నిలబడి సీట్లు చూసి, అన్నీ ముందుకే ఉంటే చాలనుకుని పక్క స్టాండువాళ్లకి సాయానికి పోయేదాన్ని. చెయ్యి తిరిగిన మెకానిక్కుని కదా!

అరవై ఒకటో రోజు పొద్దున లెక్కల టీచరు పడిపోయింది.

మా స్టాండు దాటగానే రోడ్డు వంతెన దాకా దిగుడు. అడుగున సిగ్నలు, బస్సులు మలుపు తిరిగే చోటు. అదృష్టం బాగుండి టీచరు అక్కడి దాకా పోలేదు. సగంలో బ్రేకు పట్టకపోయేసరికి భయపడి హ్యాండిలు గోడ వైపు తిప్పేసింది. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఊరంతటి బండ్ల లెక్కలో దాని నంబరు ముప్పై ఏడు. ఆ పొద్దున నా స్టాండులోంచి తీసిందే.

రొట్టెల కొట్టాయన షెడ్డుకి వచ్చి మేస్త్రిగారి ముందే అన్నాడు, "అదేంటమ్మా, ఆ ముప్పై ఏడు వెనక బ్రేకు జారుతోందని నిన్న సాయంత్రం నేనే సీటు తిప్పి పెట్టానే!"

"తిప్పి లేదండీ. నేను పొద్దున చూశాను," అన్నాను.

"అబద్ధమాడతానా నేను?"

"నేనాడతానా?"

మేస్త్రిగారు ఇద్దరినీ చూసి, "ఎవరో ఆకతాయిలు తిప్పుతున్నారేమో," అన్నారు. ఆ తర్వాత నన్నొక్కదాన్నే చూసి ఇంకో మాట అడగబోయి ఆగిపోయారు. ఆ అడగని ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. పానా తీసుకుని బయటికొచ్చేశాను.

ఆ ఆకతాయి ఎవడో పట్టుకుని తీరాలని ఒళ్లు మండిపోయింది. వాడు దొరికితే తప్పంతా వాడిదవుతుంది కదా! మర్నాటి నుంచి ఇంకా సరిగా తెల్లారకుండానే రొట్టెల కొట్లో చేరి, గాజు తలుపు వెనక కాపు కాశాను. ఇంట్లో షెడ్డు పని తొందరగా మొదలవుతోందని చెప్పాను. మొదటి రెండు రోజులూ ఎవరూ సీట్లు తిప్పి పెట్టలేదు, ఎవరూ రాలేదు. మూడో రోజు నేను వెళ్లేసరికి మూడు సీట్లు వెనక్కి తిరిగి ఉన్నాయి. కొట్టాయన పొయ్యి మీంచి తీసిన వేడి రొట్టె చేతిలో పెట్టాడు. తినబుద్ధి కాలేదు. కళ్లు స్టాండు మీదే.

ఐదున్నరకి మా అత్తయ్య వచ్చింది.

ఒక చేతిలో పాలడబ్బా, భుజం మీద పాత తువ్వాలు. పాలకి వెళ్తోంది కాబోలు అనుకున్నాను. డబ్బా గట్టు మీద పెట్టింది. మొదటి సీటు దగ్గరికి వెళ్లి పిడి వదులు చేసి, తిప్పి, సీటు ముక్కూ హ్యాండిలూ ఒక గీతలో ఉన్నాయో లేదో వంగి చూసి, బిగించి, తువ్వాలుతో తుడిచింది. పేషంటుకి దిండు సర్దినట్టు అరచేత్తో ఒకసారి నిమిరింది కూడా. తర్వాత రెండోది. తర్వాత మూడోది. నేను రొట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎర్ర టోపీ పెట్టుకున్న అమ్మాయి ఎవరో వచ్చింది, అత్తయ్య తుడిచిన మూడో బండినే ఫోనుతో తాళం తీసుకుంది, ఎక్కింది. "జాగ్రత్తమ్మా," అంది అత్తయ్య నవ్వుతూ. ఆవిడ నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో! ఆ నవ్వుతో నాకు తెలివొచ్చింది.

తలుపు తోసుకుని బయటికి పరుగెత్తాను. "అత్తయ్యా! ఆ అమ్మాయి ఎటు వెళ్లింది?"

ఆవిడ ఉలిక్కిపడి తువ్వాలు వెనక దాచింది. "అటే, వంతెన వైపు. ఏమైంది?"

చెప్పే టైము లేదు. మెకానిక్కు తాళంతో దగ్గరున్న బండి లాగాను. ఆ కంగారులోనూ వేళ్లు వాటంతట అవే రెండు బ్రేకులూ నొక్కి చూశాయి. మూడు వారాల్లో నేను సరిగ్గా నొక్కిన బ్రేకులు అవే. ఎక్కి తొక్కాను.

ఆ దిగుడులో మామూలుగా ఎవరూ పెడల్ తొక్కరు. నేను తొక్కాను. గాలి చెవుల్లో హోరుమంటోంది. ఆ మూడో బండికి ఉన్న తేడా బెల్లే కావచ్చు, చైనే కావచ్చు, బ్రేకే కావాలని ఏముంది అని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఎర్ర టోపీ కనిపించింది. ఆ పిల్ల రెండు కాళ్లూ కిందికి దించి చెప్పులు రోడ్డుకేసి రాస్తోంది. బ్రేకే!

"హ్యాండిలు తిప్పకు!" అని అరిచాను. "నిటారుగా పట్టుకో! వచ్చేస్తున్నా!"

"ఆగట్లేదక్కా!"

"తెలుసు! నిటారుగా!"

అడుగున సిగ్నలు ఎర్రగా ఉంది. బస్సొకటి నిదానంగా అడ్డంగా మలుపు తిరుగుతోంది. ఆ పిల్ల పక్కకి చేరాను. కుడిచేత్తో ఆ పిల్ల సీటు వెనక అంచు పట్టుకున్నాను, ఎడంచేత్తో నా బ్రేకు కొద్దికొద్దిగా నొక్కుతూ పోయాను. ఒక్కసారి నొక్కితే ఇద్దరం పల్టీ కొడతాం. భుజం ఊడొచ్చేట్టు లాగింది. బ్రేకు రబ్బర్లు కీచుమని ఏడ్చాయి. తెల్ల గీత మీదికొచ్చి ఆగాం. బస్సు మా ముందు నుంచి, దాని వేడిగాలి మొహానికి కొడుతుండగా, తాపీగా వెళ్లిపోయింది. డ్రైవరు మమ్మల్ని చూడనే లేదు.

ఎర్ర టోపీ అమ్మాయి ఊపిరి పీల్చుకుని నన్ను చూసి, ఏడవబోయి, పకపకా నవ్వేసింది. నేనూ నవ్వాను. రోడ్డు మీద ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వాం.

రెండు బండ్లూ నడిపించుకుంటూ దిగుడెక్కి వచ్చేసరికి అత్తయ్య స్టాండు గట్టు మీద కూర్చుని ఉంది. పాలడబ్బా ఖాళీగానే ఉంది.

"రోజూ మీరేనా సీట్లు తిప్పుతోంది?" అన్నాను.

"ఎవరో వెధవలు రోజూ వెనక్కి తిప్పి పోతున్నారు. మీ మేస్త్రి వచ్చి చూస్తే నిన్నేగా అంటాడు? వార్డులో ఒక్క దుప్పటి మూల వంకరగా ఉంటే పెద్ద నర్సు అందరి ముందూ నన్ను నిలబెట్టేది. నీకా మాట రాకూడదని..." ఆగింది. "ఎందుకే, ఏం చేశాను నేను?"

ఊళ్లో ప్రతి మనిషినీ ఆపి చెప్పాను. బెంచీ మీద ముసలాయనకి రెండుసార్లు చెప్పాను. ఒక కంచంలో తింటూ, ఒక కప్పు కింద పడుకుంటూ ఈ ఒక్క మనిషికి చెప్పలేదు. ఆ గట్టు మీదే పక్కన కూర్చుని అప్పుడు చెప్పాను, సీటు వెనక్కి తిరిగి ఉంటే దానర్థం ఏమిటో.

ఆవిడ తువ్వాలు మడత పెట్టింది, విప్పింది, మళ్లీ మడత పెట్టింది.

"అయితే ఆ టీచరమ్మ చెయ్యి..."

"మీరొక్కరే కాదు," అన్నాను. "పొద్దున నేను నొక్కి చూసి ఉంటే దొరికేది. నేను నొక్కలేదు. సీట్లు చూసి పోయాను." ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. అనగానే భయం పట్టుకుంది. గొంతు తగ్గించాను. "అత్తయ్యా, ఇవాళ ఎవరికీ ఏం కాలేదు. రేపటి నుంచి మీరు తిప్పొద్దు, నేను అన్నీ నొక్కుతాను. ఇక ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇంకో నెల ఓపిక పడితే నా ఉద్యోగం..."

"మిగతా పదకొండు స్టాండుల దగ్గర నాలాంటి ముసలిది ఇంకొకతి లేదని నీకెలా తెలుసు?" అంది.

నేను ఆ పదకొండు స్టాండులనీ ఒక్కొక్కటిగా తలుచుకున్నాను.

"లే," అంది పాలడబ్బా తీసుకుని. "ముందు టీచరమ్మ ఇంటికి. తర్వాత మీ షెడ్డుకి."

టీచరు తలుపు తీసింది. కుడిచేతికి కట్టు, ఎడంచేత్తో ఎలాగో ముడేసుకున్న జుట్టు. అత్తయ్య గుమ్మంలో నిలబడే చెప్పింది. తడుముకోలేదు, ఏడవలేదు, డాక్టరుకి రాత్రి డ్యూటీ సంగతులు అప్పజెప్పినట్టు చెప్పింది. తర్వాత నేను నా మాట చెప్పాను. టీచరు మొహం ఎర్రబడింది.

"పరీక్షల ముందు నూట ఇరవైమంది పిల్లల్ని వదిలేసి ఇంట్లో కూర్చున్నాను. బోర్డు మీద ఒక్క అంకె రాయలేను. చెప్పడం అయిపోయిందా? ఇక వెళ్లండి."

వెళ్లాం. మర్నాడు పొద్దున అత్తయ్య దువ్వెనా కొబ్బరినూనే తీసుకుని మళ్లీ వెళ్లింది. తలుపు తియ్యలేదట. ఆ మర్నాడూ వెళ్లింది. "ఆసుపత్రిలో ఇంతకంటే మొండి పేషంట్లని చూశాను," అంది నాతో. నాలుగో రోజు ఇంటికొచ్చినప్పుడు ఆవిడ చేతులకి నూనె వాసన ఉంది. ఆవిడే చెప్పింది, "జుట్టు చిక్కులు తియ్యడానికే గంట పట్టింది. పాపం, ఒంటి చేత్తో ఏం దువ్వుకుంటుంది?"

ఆ మొదటి రోజే టీచరు ఇంటి నుంచి షెడ్డుకి వెళ్లాం. అక్కడ మాత్రం అంత సేపు పట్టలేదు.

"రోజూ నొక్కావా?" అన్నారు మేస్త్రిగారు.

"లేదండీ."

"ఎన్నాళ్లుగా?"

"మూడు వారాలు."

ఆయన బోర్డు దగ్గరికి వెళ్లి నా సున్నాల వరస చేత్తో తుడిచేశారు. తర్వాత నన్ను తిట్టలేదు. అందర్నీ పిలిచి, "పదండి, అన్ని స్టాండులకీ," అన్నారు. ఆ వారం మేం పొద్దున్నే పన్నెండు చోట్లా కాపు కాశాం. ఏం చెప్పమంటారు! ఒక చోట వీధి ఊడ్చే ఆవిడ తిప్పుతోంది. ఒక చోట ఫొటో స్టూడియో ఆయన, తన కొట్టు ముందు అందంగా ఉండాలని. ఇంకో చోట ఒక పెద్దాయన ఉదయపు నడకలో భాగంగా చేస్తున్నాడు. "ఈ కాలం కుర్రాళ్లకి ఒక పద్ధతీ పాడూ లేదమ్మా," అని మాకే చెప్పాడు. ఊళ్లో మంచివాళ్లంతా తెల్లారకుండా లేచి మేం పెట్టుకున్న గుర్తుని చక్కగా చెరిపేస్తున్నారు. ఆ బండ్లలో పదకొండింటికి బ్రేకులు పట్టట్లేదు. పదకొండు! ఆ లెక్క విన్నప్పుడు షెడ్డులో ఎవరూ నవ్వలేదు.

వందో రోజున ఈ పథకం నడిపే రోడ్ల ఇంజనీరు షెడ్డుకి వచ్చాడు. బయట కుర్చీలేశారు. రొట్టెల కొట్టాయన, టీచరు, సెలవు పెట్టి మా ఆయన, రోజూ తొక్కేవాళ్లు ఓ యాభైమంది వచ్చారు. అత్తయ్య ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుని చివరి కుర్చీలో నిటారుగా కూర్చుంది. పెద్ద నర్సు తనిఖీకి వస్తున్నట్టు.

పథకం ఉంటుందన్నాడు ఇంజనీరు. జనం లేచి చప్పట్లు కొట్టారు, ఎవరో బెల్లు మోగించారు, ఇక ఆగలేదు, స్టాండులో ఉన్న ప్రతి బండి బెల్లూ మోగింది. నా గుండె అంతకంటే గట్టిగా మోగుతోంది. మేస్త్రిగారు కాగితం తీసి ఆరు పేర్లు చదివారు.

నా పేరు లేదు.

తెలిసిన సంగతే. అయినా ఆరో పేరు దాకా చెవి అటే పెట్టి విన్నాను. మా ఆయన నా వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. అదే సమయంలో, చెబితే నమ్మరు, టీచరు పడిన రోజు నుంచి గుండె మీద కూర్చున్న బరువు దిగింది.

"ఇంకోటి," అన్నాడు ఇంజనీరు. "ఇక సీటు గుర్తు మీద ఆధారపడటం లేదు. ప్రతి స్టాండుకీ ఒక మనిషి. పొద్దున ఆ మనిషి బ్రేకులు నొక్కి, సరే అన్నాకే తాళాలు తెరుచుకుంటాయి. మెకానిక్కు కాదు, వేరే మనిషి. మెకానిక్కు చేసిన పనిని కూడా ఆ మనిషే తనిఖీ చెయ్యాలి."

టీచరు కట్టు కట్టిన చేత్తోనే లేచి నిలబడింది. "మా స్టాండుకి ఎవర్ని పెట్టాలో నేను చెప్తాను. చిన్న తేడా ఉన్నా వదిలిపెట్టని మనిషి ఒకరున్నారు. నా జుట్టడగండి, చెబుతుంది." అని చివరి కుర్చీ వైపు చూపించింది.

యాభై తలలు అటు తిరిగాయి. మా అత్తయ్య జన్మలో మొదటిసారి తడబడింది. "నాకా? నాకు సైకిలు తొక్కడమే రాదు!"

"తొక్కమనట్లేదమ్మా," అన్నారు మేస్త్రిగారు. "నొక్కమంటున్నాం."

అలా ఆ ఎండాకాలంలో మా ఇంట్లో ఒక ఉద్యోగం ఖాయమైంది. నాది కాదు. మేస్త్రిగారు అందరూ వెళ్లాక నా దగ్గరికి వచ్చి, "ఇంకో వంద రోజులు. మళ్లీ మొదటి నుంచి. ఉంటావా?" అన్నారు. ఉంటానన్నాను. ఆ మాట ఆయన పూర్తి చెయ్యకముందే అన్నాను.

మూడు రోజులు షెడ్డులో నేర్పారు ఆవిడకి. నాలుగో రోజు పొద్దున మా స్టాండు ముందు జనం వరస కట్టి ఉన్నారు. ఆకాశం మబ్బు పట్టింది, వాన వచ్చేలోపు బయల్దేరాలని అందరికీ తొందర. అత్తయ్య ఒక చివర నుంచి మొదలుపెట్టింది. నొక్కేటప్పుడు కళ్లు మూసుకుంటోంది, నాడి చూసే డాక్టరులా. "ఇది సరే. ఇది సరే." తాళాలు ఒక్కొక్కటే టకటకా ఊడుతున్నాయి, బండ్లు ఆకుపచ్చ దారి మీదికి దూసుకుపోతున్నాయి. ఇరవై తొమ్మిదింటిని వదిలింది. ముప్పయ్యోది నిన్న సాయంత్రం నేను స్వయంగా వైరు మార్చి బిగించిన బండి. ఆ ఒక్క బండి కోసం వరసలో ముగ్గురు మిగిలారు, గడియారాలు చూసుకుంటున్నారు.

ఆవిడ నొక్కింది. మళ్లీ నొక్కింది.

"ఇది కాదు," అంది.

నాకు చెవులు వేడెక్కాయి. "నేనే చేశానత్తయ్యా. నిన్ననే."

"అయితే?"

వెళ్లి నొక్కాను. బాగానే ఉంది. కళ్లు మూసుకుని మళ్లీ నొక్కాను, నిదానంగా, చివరి దాకా. చివర్లో వెంట్రుకవాసి జారింది. ఆ బండి దిగుడు దిగి, వంతెన దగ్గర బస్సు ముందుకు వెళ్లి ఉండేది. అవమానం అవ్వాల్సిన చోట నాకు ఒళ్లంతా సంతోషం పొంగింది. దొరికింది! ఆవిడ వేళ్లకి దొరికింది! బండి పక్కకి లాగి, మోకాళ్ల మీద కూర్చుని పానా తీశాను.

"ఎంతసేపమ్మా? ఆఫీసు టైమైపోతోంది," అన్నాడు వరసలో ముందున్నాయన.

తొందరగా చెయ్యబోయాను. అత్తయ్య వచ్చి నాకూ వాళ్లకీ మధ్య నిలబడింది.

"నువ్వు నిదానంగా చెయ్యి," అంది. "వాళ్లు ఆగుతారు."